అమ్మోరి రేవుకు ఎగువన

మారిషస్ వెళ్లొచ్చానంటే మా విజయనగరంలో అందరూ అడిగేది ఒక్కటే, సముద్రం ఎలా ఉందని. బాగుంది. పొద్దున ఒక రంగు, మధ్యాహ్నం ఒక రంగు. కానీ నేను అక్కడ ఎక్కువసేపు చూసింది సముద్రాన్ని కాదు, ఒక చిన్న పట్నం వాడి వదిలేసిన నీళ్లని. ఈ మాట చెప్పగానే మా వదిన చెంగుతో ముక్కు మూసుకుంది. ఆవిడ అలా మూసుకోబట్టే ఇది రాయాలనిపించింది.

మా తమ్ముడు నరసింగం అక్కడి తెలుగువాళ్ల పిల్లలకు సాయంకాలపు బడిలో తెలుగు చెప్పడానికి వెళ్లాడు. వేసవి సెలవులకి నన్ను రమ్మన్నాడు. నేనూ పంతులమ్మనే, పిల్లా జెల్లా లేని మనిషిని, ఆపేవాళ్లెవరూ లేరు. బొంబాయిలో ఓడ ఎక్కాను. అప్పటికి ఆ దీవిలో ఇంకా ఇంగ్లీషువాళ్ల జెండానే ఎగురుతోంది. స్వాతంత్ర్యం రాబోతోందని మాత్రం బస్సులో టిక్కెట్టు కొట్టేవాడి దగ్గర్నుంచి చేపలమ్మే ఆవిడ దాకా అందరూ చెప్పారు.

పోర్ట్ లూయీ

ఓడ దిగాను గానీ ఊపు దిగలేదు. రేవులో నేలమీద నిలబడితే నేల మెల్లగా లేచి మెల్లగా వాలుతోంది. తమ్ముడు నా చెయ్యి పట్టుకుని, రెండు రోజుల్లో పోతుందిలే అక్కా అన్నాడు. పోలేదు. నేనక్కడ ఉన్నన్నాళ్లూ నా కాళ్ల కింద ఆ దీవి ఊగుతూనే ఉంది. అందుకే అక్కడ చూసినవన్నీ ఇప్పటికీ నాకు సగం నిద్రలో చూసినట్టే గుర్తొస్తాయి. కొండల ఆకారాలు మరీ వింతగా ఉన్నాయి. ఒక కొండ శిఖరం మీద బండరాయి ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లి పడేట్టు కూర్చుని ఉంది. దాని కింద జనం నిశ్చింతగా బజారు చేసుకుంటున్నారు.

బజారు బయట ఒకాయన సైకిలు మీద అద్దాల పెట్టె పెట్టుకుని దాల్ పూరీలు అమ్ముతున్నాడు. శనగపప్పు పొడి కూరిన పల్చటి మెత్తటి రొట్టె, మధ్యలో చిక్కుడు గింజల కూర, పచ్చిమిరప పచ్చడి, చుట్టి కాగితంలో పెట్టి ఇస్తాడు. అక్కడా డబ్బు రూపాయే. మన ఊళ్లో కాఫీ హోటల్లో ఒక ఇడ్లీ, ఒక కాఫీ అయ్యే ఖర్చుకి అక్కడ ఇద్దరం కడుపునిండా తిన్నాం. నిలబడి తినడం నాకు అలవాటు లేదు. అందులోనూ నేల ఊగుతూ ఉంటే. కూర సగం చీరకే పెట్టాను.

ట్రియోలే

ఆ రోజు సాయంత్రం ట్రియోలేలో తమ్ముడి స్నేహితుడింట్లో భజన. ఆ ఊరు ఒకటే పొడుగు. బస్సువాడు ఊరు మొదలైందని చెప్పాక, ఎంతసేపు పోయినా ఊరు అయిపోలేదు. రోడ్డుకి ఇటూ అటూ ఇళ్లు, కొట్లు, వాటి వెనక చెరుకు. చెరుకు అప్పుడే పూతకొచ్చింది. తెల్లటి కుచ్చులు గాలికి ఒక్కసారిగా వంగి ఒక్కసారిగా లేస్తుంటే నా ఊపు చెరుకుకి కూడా అంటుకుందనుకున్నాను.

భజన అంటే మనలాగా కూర్చుని పాడుకోవడం కాదు. మధ్యలో నిలువెత్తు దీపపు సెమ్మె పెట్టి, చుట్టూ తిరుగుతూ, అడుగులేస్తూ పాడతారు. పాట తెలుగే. అర్థం అడిగితే చాలామందికి తెలియదు, తాతలు పాడారు కాబట్టి పాడుతున్నారు. పాట ఆగగానే వాళ్లలో వాళ్లు ఆ దీవి వాడుకభాష క్రియోల్ మాట్లాడుకుంటారు. ఒక ముసలాయన నా పక్కన కూర్చుని, సింహాచలం మీకెంత దూరం అని అడిగాడు. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేయొచ్చు అన్నాను. ఆయన నా రెండు చేతులూ తీసుకుని కళ్లకద్దుకున్నాడు. ఆ కొండకి నేను పోయి ఎన్నేళ్లయిందో ఆయనకి చెప్పలేకపోయాను. సిగ్గేసింది. ఆ తరవాత దీపం చుట్టూ తిరిగే మనుషుల్ని చూస్తూ చూస్తూ కూర్చున్నచోటే నిద్రపోయాను. దానికి తమ్ముడు ఇప్పటికీ నన్ను ఏడిపిస్తాడు.

మోకా దాటాక

మర్నాడు బస్సు కొండ ఎక్కింది. మోకా దగ్గరికి వచ్చేసరికి చలి. తీగల కంచెల వెనక పెద్ద పెద్ద బంగళాలు, ఆఫీసులు, మంచులో తడిసిన పచ్చిక. మోకా దాటి కొంత దూరం పోయాక ఒక చిన్న పట్నం వస్తుంది. దాని పేరు రాయొద్దని అక్కడి ఆడవాళ్లు నన్ను అడిగారు. ఎందుకో మీకే తెలుస్తుంది.

తమ్ముడు అద్దెకుండే గది అప్పడు గారింట్లో. అప్పడు అంటే నలభై ఏళ్ల మనిషి, పలచగా, ఎప్పుడూ మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. భార్య పోయింది, పిల్లలు లేరు. తల్లి లచ్చుమమ్మ, ఊరందరికీ లచ్చుమి అవ్వ. రేకుల పైకప్పు ఇల్లు, గుమ్మం ముందు వేపమొక్క, చుట్టూ అరటి చెట్లు. అవ్వ వనిల్లా వేసిన టీ, పప్పు రుబ్బి పచ్చిమిరపకాయలు కలిపి వేయించిన గారెల్లాంటివి పెట్టింది. వాటిని అక్కడ గాటో పిమా అంటారు. నాలుగోది నోట్లో పెట్టుకుంటూ, అప్పడు ఏం పని చేస్తాడని అడిగాను. తమ్ముడు అరటి చెట్ల అవతలికి చెయ్యి చూపించాడు. పట్నం మొత్తం మురుగు అక్కడికే వస్తుందని, దాన్ని శుభ్రం చేసి ఏట్లోకి వదలడం అప్పడి పని అని చెప్పాడు.

నోట్లోది మింగడం కష్టమైంది. ఇన్ని ఇళ్లుండగా నీకు ఇదే దొరికిందా అని తమ్ముణ్ణి వాళ్ల ముందే కేకలేద్దామనుకుని, అవ్వ మొహం చూసి ఊరుకున్నాను. ఆవిడకి ఆ చూపు కొత్త కాదని ఆ మొహం చూస్తేనే తెలుస్తుంది. ఇంకో గాటో పిమా తీసుకున్నాను. ఆకలేసి కాదు.

మన ఊళ్ల సంగతి మీకు నేను చెప్పాలా. ఆ పని మనం కొందరు మనుషుల నెత్తిమీద పెట్టాం. వాళ్లు తెల్లవారకముందే వచ్చి వెనక గుమ్మంనుంచి పోతారు. వాళ్ల పేర్లు మనకి తెలియవు. మిగతాది ఇంటి ముందు కాలవలో పారుతుంది, దాటుకుని పోతాం. అక్కడ అప్పడు పేరు అందరికీ తెలుసు. కానీ పెళ్లి పంక్తిలో అతని పక్క ఆకు మాత్రం చాలాసేపు ఖాళీగా ఉంటుందని తమ్ముడు చెప్పాడు. మన మనుషులు సముద్రం దాటినప్పుడు పాటలతోపాటు ఇదీ మూటగట్టుకున్నారు.

తిరిగే చేతులు

మర్నాడు పొద్దున అప్పడు నన్ను చూడ్డానికి రమ్మన్నాడు. ముక్కు మూసుకోవడానికి చెంగు సిద్ధంగా పెట్టుకుని వెళ్లాను. అవసరం పడింది ఒక్కచోటే, పట్నం కాలవ వచ్చి ఇనుప ఊచల జల్లెడలో పడే చోట. అక్కడ గుడ్డపీలికలు, ఆకులు, సీసా మూతలు ఆగిపోతాయి. ఒక రబ్బరు బొమ్మ చెయ్యి కూడా చూశాను. ఊచలు దాటిన నీళ్లు ఒక తొట్టిలో కదలకుండా నిలబడి బరువుని అడుక్కి దించుకుంటాయి. అక్కణ్ణుంచి రాళ్ల మీదికి పోతాయి.

ఆ రాళ్ల సంగతే చెప్పాలి. మా పెద్ద బావి అంత వెడల్పున గుండ్రంగా గోడ, దాన్నిండా పిడికిలంత నల్లరాళ్లు. మధ్యలో స్తంభం. దానినుంచి నాలుగు పొడుగాటి గొట్టాలు నాలుగు చేతుల్లా చాచుకుని ఉంటాయి. గొట్టాల చిల్లుల్లోంచి నీళ్లు చిమ్మే విసురుకి ఆ చేతులు వాటంతటవే తిరుగుతాయి. మోటారు లేదు, ఎద్దు లేదు. సన్నగా వానలాంటి చప్పుడు. తిరుగుతూ తిరుగుతూ రాళ్లని తడుపుకుంటూ పోతాయి. ట్రియోలేలో దీపం చుట్టూ తిరిగిన అడుగులే గుర్తొచ్చాయి నాకు. అక్కడ వాసన ఏమిటో తెలుసా? తొలకరి పడ్డ మట్టి వాసన. నమ్మకపోతే మీ ఇష్టం.

అప్పడు ఒక రాయి తీసి చూపించాడు. దానిమీద జిగురుగా, ముదురు గోధుమరంగులో పాచి. అది బతికున్న పాచి అని, కంటికి కనపడని పురుగుల ఊరని చెప్పాడు. నీళ్లు రాళ్ల మధ్యనుంచి కిందికి జారేలోగా వాటిలోని మకిలిని ఆ పాచే తినేస్తుంది. కిందికి దిగిన నీళ్లు ఇంకో తొట్టిలో తేరుకుని మెట్లమీదుగా ఏట్లో కలుస్తాయి. నేను చేసేదేం లేదక్కా, దాన్ని ఆకలితో ఉంచకూడదు, చంపకూడదు, అంతే అన్నాడు. తమ్ముడి దగ్గర నేర్చుకుంటున్న తెలుగు అది, ఒక్కొక్క మాటా ఏరి పెడతాడు. ఏటి నీళ్లు తాగొచ్చా అని అడిగాను. కాచకుండా ఏ ఏటి నీళ్లూ తాగొద్దన్నాడు.

అది కట్టించిన ఇంగ్లీషు ఇంజనీరు సామాను సర్దుకుంటున్నాడట. స్వరాజ్యం వచ్చాక మీ ఊళ్లో ఏం మారిందక్కా అని అప్పడు అడిగాడు. చాలా మారాయి, మురుగు మాత్రం మారలేదు అన్నాను. అతను నవ్వలేదు. తిరిగే చేతుల్ని చూస్తూ తలాడించాడు.

మొదటి కలశం

మెట్ల దిగువన నాలుగడుగులేస్తే అమ్మోరి రేవు. నల్లరాతి బండలు, వంగిన వెదుళ్లు. ఆ ఊరి తెలుగువాళ్లు ఏటేటా అమ్మోరి పండగ చేస్తారు. ఆడవాళ్లు ఏటినీళ్లు నింపిన కలశాలు వేపమండలు పెట్టి నెత్తిన పెట్టుకుని గుడికి నడుస్తారు. కలశం వీధిలో వస్తుంటే ఇంట్లో ఎవరూ కూర్చోకూడదు. బయటికొచ్చి, మోసేవాళ్ల కాళ్లమీద పసుపునీళ్లు పొయ్యాలి. మొదటి కలశం ఎత్తే హక్కు లచ్చుమి అవ్వ అత్తవారిది. కొత్తకోడలిగా వచ్చినప్పట్నుంచీ ఆవిడే ఎత్తింది.

తరవాత పట్నం పెరిగింది. కాలవలన్నీ తిన్నగా ఏట్లోకి వదిలారు. రేవులో దిగిన పిల్లలకి జ్వరాలొచ్చాయి, ఏట్లో రొయ్యలు పోయాయి. పూజారి సన్యాసి మామ కలశాలన్నీ లారీలో ఎక్కించి దూరాన ఇంకో వాగు దగ్గరికి తీసుకుపోవడం మొదలుపెట్టాడు. ఆ తరవాత ఈ రాళ్ల తొట్టి వచ్చింది, అప్పడు అందులో పనికి కుదిరాడు. ఏరు తేరుకుంది. బట్టలుతికే ఆడవాళ్లు వచ్చారు, వాళ్ల వెనకే రొయ్యలూ వచ్చాయి. కలశాలు మాత్రం రాలేదు. ఆ పని చేసేవాడి తల్లి అని మొదటి కలశం కూడా ఇంకొకరికి ఇచ్చేశారు. అవ్వ ఆ మాట నాతో అన్నప్పుడు చేటలో బియ్యం చెరుగుతూనే ఉంది, చెయ్యి ఆగలేదు.

ఈ ఏడు సన్యాసి మామ మెత్తబడ్డాడు. పండగనాటి పొద్దున రేవుకొచ్చి చూస్తాను, నీళ్లు బాగుంటే ఇక్కడే నింపుదాం, మొదటిది లచ్చుమమ్మే ఎత్తుతుంది అన్నాడు. అప్పడికి ఇక కాలు నిలవలేదు. ఊచలు తోమాడు, మెట్లు తోమాడు, గోడలకి సున్నం కొట్టాడు. అవ్వ అటకమీది ఇత్తడి కలశం దించి చింతపండుతో తోమింది. పండగ ఇంకా రెండు ఆదివారాల అవతల ఉంది.

ఫినాయిల్

ఒక పొద్దున రాళ్లమీది ఆ వాన చప్పుడు మారింది. చేతులు తిరుగుతూనే ఉన్నాయి గానీ రాళ్లమీది పాచి బూడిదరంగుకి తిరిగి, పొరలు పొరలుగా ఊడి కిందికి జారుతోంది. చివరి తొట్టిలో నీళ్లు కుడితిలా ఉన్నాయి. మొదటిసారి నాకు అక్కడ కంపు తగిలింది. అప్పడు ఊచల దగ్గర వంగి వాసన చూసి, ఫినాయిల్ అన్నాడు. ఆసుపత్రివాళ్లు వదిలేశారనుకుని సైకిలెక్కి పోయి అక్కడ గొడవపెట్టుకున్నాడు. వాళ్లు మాకేం తెలీదన్నారు. వెనక్కొచ్చి రేవు బండమీద తల పట్టుకుని కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నం నేను సబ్బు కోసం చీనా ఆయన కొట్టుకి వెళ్లాను. అరల్లో ఒక వరస అంతా ఖాళీ. ఆయన నవ్వుతూ, వచ్చీరాని ఇంగ్లీషులో, మీ పండగ పుణ్యమా అని ఫినాయిల్ సీసా ఒక్కటి మిగల్లేదన్నాడు. అవ్వ ఇల్లిల్లూ తిరిగి చెప్పిందట. అమ్మోరి నీళ్లు మన కాలవలోంచే పోతాయి, మన మరుగుదొడ్లూ తూములూ కడిగి తలో సీసా పొయ్యండని. తెలుగువాళ్లే కాదు, అవ్వ మీద గౌరవంతో పక్కింట్లో ఉండే ఆఫ్రికా వంశపు క్రియోల్ వాళ్లు, ఎదురింటి తురకలు కూడా పోశారట. ఊరంతా ఒకే రోజు పోశారు.

ఇంత మడి తెలిసినవాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యలేని పొరపాటు అది. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఇంటికెళ్లి అప్పడికి చెప్పలేక అవ్వకి చెప్పాను. పాచి బతికుండే వస్తువని, ఫినాయిల్ దాన్నే చంపిందని. అవ్వ కొడుకు పనిచేసే చోటుకి ఎన్నడూ వెళ్లలేదు. నీళ్లు శుభ్రం కావడమంటే కడగడమే అనుకుంది. కాసేపు కలశం వంక చూసి, లేచి అరటి చెట్ల మధ్యనుంచి కొడుకు దగ్గరికి నడిచింది. వెనకే నేనూ వెళ్లాను.

"అప్పడూ, నేనే చెప్పినాను," అంది. "ఎవ్వరూ నిన్ను మాట అనకూడదని చెప్పినాను."

అప్పడు తల్లి చెయ్యి పట్టుకుని ఆ గోడ దగ్గరికి తీసుకెళ్లి, రాయి తీసి చూపించాడు. పైపైన చచ్చింది, అడుగున ఎక్కడో మిగిలి ఉంటుందమ్మా అన్నాడు. తిరిగి ప్రాణం పొయ్యాలంటే రెండు కావాలి. కొన్నాళ్లు పట్నంనుంచి నీళ్లు తక్కువ రావాలి. ఇంకెక్కడినుంచైనా బతికున్న పాచి తెచ్చి కలపాలి.

మొదటిదానికి అవ్వ బయల్దేరింది. నన్ను తోడు రమ్మంది. ఏ గుమ్మాల దగ్గర నిలబడి పొయ్యమని చెప్పిందో ఆ గుమ్మాల దగ్గరే మళ్లీ నిలబడింది. తప్పు నాది, మీది కాదు అని ముందు చెప్పేది. గిన్నెలు కడిగిన నీళ్లు, బట్టలుతికిన నీళ్లు కొన్నాళ్లు అరటి మొదట్లో పోసుకోండి, తూములోకి దింపకండి అని బతిమాలేది. కొందరు నవ్వారు. ఒక క్రియోల్ ఆవిడ అవ్వని కూర్చోబెట్టి రొట్టె, టీ ఇచ్చింది. ఒక తెలుగింట్లో మాత్రం, ఈ పని చేసే ఇంటికి కలశం ఏమిటని మొహంమీదే అన్నారు. అవ్వ ఆ ఇంటికి కూడా అరటిమొక్క మాట చెప్పే బయటికొచ్చింది. ఆవిడ నడక చూస్తుంటే నా మోకాళ్లు నొప్పెట్టాయి.

బెల్ ఎయిర్ రివియేర్ సెష్

రెండోదానికి అప్పడు చెరుకు లారీ ఒకటి మాట్లాడాడు. తూర్పున బెల్ ఎయిర్ రివియేర్ సెష్ అవతల ఒక చెరుకు తోట ఆసుపత్రికి ఇలాంటిదే చిన్న తొట్టి ఉంది. అక్కడి కాపలాదారు రాళ్లివ్వడానికి ఒప్పుకున్నాడు. ఊరు చూసినట్టుంటుందని నన్నూ ఎక్కించుకున్నారు. దారి పొడుగునా వాన వస్తూ పోతూ ఉంది. చెరుకుతోటల మధ్యన ఏరి కుప్పబోసిన నల్లరాళ్ల గుట్టలు పెద్ద పెద్ద ఏనుగులు పడుకున్నట్టున్నాయి. కూలీలుగా ఓడలెక్కి వచ్చిన తాతల చేతులే ఆ రాళ్లేరాయని నా పక్కన కూర్చున్న అప్పడికి వేరే చెప్పనక్కరలేదు.

బెల్ ఎయిర్ సంతలో తీగకి ఆరేసిన ఎండు ఆక్టోపస్‌లు చూసి బట్టలనుకుని పక్కకి తొయ్యబోయాను. అమ్మే ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. ఇంకో కొట్లో ఒక తెలుగావిడని గోనెసంచులు అడిగాం. ఆవిడకి తెలుగులో ఒక దండకం, నాలుగు వావివరసలు తప్ప రావు. వాటితోనే నాతో మాట్లాడింది, అక్కా అక్కా అంటూ. సంచులెందుకని అడిగింది. అప్పడు క్రియోల్లో అంతా చెప్పాడు. ఆవిడ లోపలికెళ్లి ఒక పాత చీర తడిపి తెచ్చి, ఎండ తగలకుండా రాళ్లమీద కప్పమని ఇచ్చింది. తోట ఆసుపత్రి తొట్టిలోంచి తీసిన పాచిరాళ్లని పసిపిల్లని చుట్టబెట్టినట్టు ఆ తడిచీరలో చుట్టి, నేను ఒళ్లో చెయ్యివేసి పట్టుకుని తెచ్చాను. మా వదిన ఇది చదవకపోతే బాగుండును.

రేవు దగ్గర

పండగ పొద్దున మంచు ఇంకా విడవలేదు. డప్పులవాళ్లు వచ్చారు. కొత్తచీరల్లో ఆడవాళ్లు కలశాలు పట్టుకుని బండలమీద నిలబడ్డారు. అందరికంటే ముందు అవ్వ, పసుపుచీర, చేతిలో ఇత్తడి కలశం. రోడ్డుమీద లారీ కూడా సిద్ధంగా ఉంది, ఎందుకైనా మంచిదని.

సన్యాసి మామ ఏట్లోకి దిగి దోసిలితో నీళ్లు తీశాడు. వేళ్ల మధ్యనుంచి జారిన నీళ్లు తేటగానే ఉన్నాయి. మామ తలెత్తి, బాగున్నాయి, నింపు లచ్చుమమ్మా అన్నాడు. అవ్వ వంగింది.

"వద్దమ్మా," అన్నాడు అప్పడు. "మామా, ఇంకా కాలేదు. రొయ్యలు తిరిగి రాలేదు. అడుగున ఇంకా మకిలి పోతోంది."

"కంటికి బాగానే ఉంది కదరా," అన్నాడు మామ.

"కంటికి చాలంటే నేనెందుకు మామా ఇక్కడ?"

ఇన్నేళ్లు ఎదురుచూసిన రోజుని తన నోటితో తనే కాదన్నాడు. కాసేపటికి లారీ ఇంజను చప్పుడు వినపడింది. ఆడవాళ్లు ఒకరొకరే ఎక్కారు. అవ్వ ఎక్కలేదు. ఖాళీ కలశం బండమీద పెట్టి, అమ్మోరికి నైవేద్యంగా కాచిన పుల్లగంజి కుండ ఎత్తుకుని మెట్లెక్కి రాళ్ల తొట్టి దగ్గరికి వెళ్లింది. కాళ్లు కడుక్కుంది. వేపమండ గోడమీద పెట్టి, తిరిగే చేతుల వెనకే నడుస్తూ రాళ్లమీద గంజి కొంచెం కొంచెం పోసింది.

అప్పడు ఆపలేదు. దానికి నిజంగా అదే తిండి అని నాతో మెల్లగా అన్నాడు, ఈ పూటకి అంతకంటే మంచి నైవేద్యం లేదని. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను ఏటి వైపు చూస్తూ నిలబడ్డాను.

ఒక మంగళవారం

నా సెలవులు అయిపోవచ్చాయి. పాచి మళ్లీ గోధుమరంగుకి తిరిగింది, తొలకరి వాసన తిరిగొచ్చింది. రేపు ఓడ ఎక్కాలనగా, పొద్దున్నే అప్పడు రేవులోంచి నన్నూ అవ్వనీ పిలిచాడు. బండ కింద నీడలో గాజుముక్కల్లాంటి రొయ్యపిల్లలు, మీసాలు ఊపుతూ. వాటిని చూడ్డానికి నేను చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని మోకాళ్లదాకా దిగాను, జారి కూర్చున్నాను కూడా. లేచాక ఎవరూ నవ్వడం లేదని గమనించాను. అవ్వ ఇంట్లోకి వెళ్లిపోయింది.

పసుపుచీర కట్టుకుని వచ్చింది. ఇవాళ పండగ కాదమ్మా అన్నాడు అప్పడు. తెలుసు అంది. కలశం ఏట్లో ముంచి నింపి, వేపమండ పెట్టి, నెత్తికెత్తుకుంది. డప్పు లేదు, పాట లేదు. ఉత్త మంగళవారం. జనం పనులకి పోతున్నారు. తడిచీరతో నేను వెనకాల నడిచాను.

మొదటి వీధిలో తలుపులు తెరిచే ఉన్నాయి గానీ ఎవరూ రాలేదు. లోపలినుంచి చూస్తున్నారు. అవ్వ ఎటూ చూడలేదు. రొట్టె, టీ ఇచ్చిన ఆ క్రియోల్ ఆవిడ ముందుగా బయటికొచ్చింది. ఆవిడకి పసుపు సంగతి తెలియదు, చెంబుతో మామూలు నీళ్లు తెచ్చి అవ్వ కాళ్లమీద పోసింది. అది చూసి పక్కింటి తెలుగుపిల్ల లోపలికి పరిగెత్తి పసుపు కలిపి తెచ్చింది. ఆ తరవాత ఇంకో గుమ్మం, ఇంకో గుమ్మం. మొహంమీద మాటన్న ఇంటిదాకా వచ్చాం. ఆ ఇంటావిడ బిందె ఎత్తి పట్టుకుని ఎప్పట్నుంచి నిలబడిందో, అవ్వ రాగానే వంగి పాదాలు కడిగింది. గుడి దగ్గర సన్యాసి మామ తాళం తీస్తూ ఉన్నాడు. నడక చూసే అనుకుంటాను, ఏమీ అడగకుండా రెండు చేతులూ చాచి కలశం అందుకున్నాడు.

నేనప్పుడు గుడిమెట్లమీద కూర్చుండిపోయాను. నేల ఊగడం ఆగిపోయిందని అప్పుడు తెలిసింది.

సాయంత్రం సామాను సర్దుకుని అప్పడికి చెప్పి వెళ్దామని అరటి చెట్ల అవతలికి వెళ్లాను. ఊచల జల్లెడ దగ్గర వంగి నిలబడి ఉన్నాడు. రమ్మని చెయ్యి ఊపాడు. పట్నం కాలవలోంచి వచ్చే నీళ్లు ఆ పూట పసుపుపచ్చగా ఉన్నాయి. వీధులన్నిట్లో అవ్వ పాదాలమీద పోసిన పసుపంతా తూములు దిగి అతని దగ్గరికే వచ్చింది.

పాచికి పసుపు పడుతుందా అని అడిగాను. ఈమాత్రం పసుపుకి ఏమీ కాదక్కా అన్నాడు. ఆ పసుపు ఊచలు దాటి తొట్టిలోకి వెళ్లేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.